మేజువాణి అంటే విందా, ఆటా? ఈ మాట ఎక్కడిది?

పుణేలో పులిహోర (చర్చ మొదలుపెట్టినవారు)

మా టీములో ఒక మరాఠీ పెద్దావిడ ఉన్నారు. కొడుక్కి ఉద్యోగం వచ్చిందట. "ఆదివారం మా ఇంట్లో మేజవానీ పెట్టుకున్నాం, మీ ఆవిడని కూడా తీసుకురా" అన్నారు. మాది అమలాపురం పక్క. మా వైపు మేజువాణి అంటే నాట్యకత్తెల ఆట, మా ఇంట్లో ఆ మాట ఆడవాళ్ళ ముందు ఎత్తేవారే కాదు. ఏం చెప్పాలో తెలీక బుర్ర ఊపి వచ్చేశాను. పక్క సీటు కుర్రాణ్ణి అడిగితే అసలు సంగతి తెలిసింది. మరాఠీలో మేజవానీ అంటే విందు భోజనం, అంతే. శ్రీఖండ్, పూరీ, బంగాళాదుంప కూర. ఇద్దరం వెళ్ళి శుభ్రంగా తినొచ్చాం.

ఇప్పుడు నా సందేహం. వాళ్ళ మేజవానీ, మన మేజువాణీ ఒకటేనా? ఒకటే అయితే వాళ్ళకి శ్రీఖండ్ మిగిలి మనకి గజ్జెలు ఎలా మిగిలాయి? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

పదకోశం

ఒకటేనండి, సందేహం లేదు. మూలం పారసీ. అక్కడ మేజ్‌బాన్ అంటే ఆతిథ్యమిచ్చే మనిషి, మెహమాన్ అంటే వచ్చిన అతిథి. మేజ్‌బానీ అంటే ఆతిథ్యం. హిందీలో క్రికెట్ వార్తలు వినేవాళ్ళకి ఇది రోజూ తగిలే మాటే. ఏ దేశంలో ఆట జరుగుతుంటే ఆ దేశపు జట్టు 'మేజ్‌బాన్' జట్టు.

ఇదే మాట తూర్పుకి వెళ్ళి చిట్టగాంగ్‌లో 'మేజబాన్' అయింది. అక్కడ అది ఊరూవాడా పిలిచి పెట్టే గొడ్డుమాంసం విందు. పుట్టుకకీ పెడతారు, చావుకీ పెడతారు. పడమట మరాఠీలోనూ, కన్నడంలోనూ విందుగానే ఉంది. తెలుగులో మాత్రం అన్నం విస్తరి దగ్గర ఆగకుండా, భోజనాలయ్యాక పందిట్లో జరిగేదానికి పేరుగా కుదురుకుంది.

ఇక లోపలికి వెళ్తే, 'బాన్' అంటే కాపాడేవాడు. తోటకి బాగ్‌బాన్, తలుపుకి దర్బాన్. గోప, భూప అన్న మాటల్లో 'పా' ధాతువు ఉంది చూడండి, ఈ బాన్ దానికి దూరపు చుట్టం. ముందున్న 'మేజ్' ఇంకా పాతది. అవెస్తా అనే పాత ఇరానీ భాషలో 'మ్యజ్ద' అంటే నైవేద్యం, దాంతోపాటు సాగే భోజనం. ఋగ్వేదంలో 'మియేధ' అని ఉన్నది దీని తోబుట్టువే. అంటే దేవుడి ముందు పెట్టిన నైవేద్యం మనిషి ముందు పెట్టే విందయింది. మన దగ్గరికి వచ్చేసరికి విందులో వినోదమైంది.

అచ్చుతప్పు

నేను వేరేగా విన్నానండీ. మేజు అంటే బల్ల, మేజాబల్ల అంటాం కదా. వాణి అంటే గొంతు. బల్ల మీద నిలబడి పాడేది కాబట్టి మేజువాణి. మా తెలుగు మాస్టారు క్లాసులో ఇలాగే చెప్పారు.

పదకోశం

మాస్టారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, బల్ల ఎక్కి ఆడిన మేజువాణి గురించి నేను ఎక్కడా చదవలేదు. ఎక్కితే బల్ల విరుగుతుంది. 

అయితే ఆ వ్యుత్పత్తి ఎలా పుట్టిందో ఊహించవచ్చు. 'వానీ' అని వచ్చిన పారసీ తోకని తెలుగు చెవి 'వాణి' చేసేసింది. వీణాపాణి, శుకవాణి, మధురవాణి వినే చెవికి ఇంకోలా ఎలా వినపడుతుంది? పాటకి సంబంధించిన సంగతి కూడా అయ్యేసరికి ఆ 'ణ' ఊడకుండా నిలిచిపోయింది. బల్ల అనే మేజు పోర్చుగీసు 'మేసా' నుంచి వచ్చిందా, పారసీ నుంచే వచ్చిందా అన్నది వేరే గొడవ. దానికి ఇంకో చర్చ పెట్టుకుందాం.

పుణేలో పులిహోర

బాన్ కాస్తా వాన్ ఎలా అయింది మరి?

పదకోశం

మీరున్న ఊళ్ళోనే జవాబుంది. మీ బజారులో పళ్ళమ్మే బాగ్వాన్ కుటుంబాలు ఉంటాయి కదా, వాళ్ళ పేరు బాగ్‌బానే. దర్బాన్ మన దేశంలో దర్వాన్ అయినట్టే మేజ్‌బాన్ మేజ్వాన్ అయింది. తెలుగుకి ఇది మరాఠీ నోటి మీదుగా వచ్చిందని నా అంచనా. తంజావూరు మరాఠా రాజుల కొలువులో ఒకే సాయంత్రం తెలుగు పదం (పాడే పదం), మరాఠీ మాట, పారసీ బిరుదు కలిసి వినిపించేవి. దక్కనీ వైపు నుంచి నేరుగా వచ్చి ఉండవచ్చని వాదించేవారూ ఉంటారు. వాళ్ళతో పోట్లాడను.

మూసీ ఒడ్డు

మా దిక్కు మేజువాణి అనంగ నేను ఇనలే అన్నా. హైదరాబాద్‌ల ముజ్రా, మెహఫిల్ అంటరు. మహ్ లఖా బాయి చందా పేరు ఇన్నరా? 1768ల పుట్టి 1824ల పోయింది. నిజాం దర్బారుల ఆడింది, పాడింది, ఉర్దూల గజళ్ళు రాసి దివాన్ జేసింది. మౌలాలి గుట్ట కింద సమాధి ఉంది, సూడతందుకు మస్తుగుంటది. గామెది ఆటను విందు పేరుతోటి ఎవ్వలు పిలువలే.

పదకోశం

ముజ్రా కూడా తమాషా మాటే తమ్ముడూ. అరబ్బీ నుంచి వచ్చింది. లెక్కల్లో కొట్టేసి ఇవ్వడం, మినహాయింపు అని ఒక అర్థం. పెద్దల ముందు వంగి దణ్ణం పెట్టడం ఇంకో అర్థం. దర్బారులో దణ్ణం పెట్టి మొదలుపెట్టే ఆట ముజ్రా అయింది. మొదటి అర్థం కన్నడ దేశంలో ఉండిపోయింది. కర్ణాటకలో గుళ్ళూ గోపురాలూ చూసే ప్రభుత్వ శాఖకి ముజరాయి శాఖ అని పేరు. దేవుడి మాన్యాలకి ఇచ్చిన మినహాయింపుల లెక్క అది. ఒకే మాట ఒకచోట దేవాదాయ శాఖ, ఇంకోచోట సినిమాలో పాట.

లంకగ్రామం

మాది కోనసీమ. మా తాతగారు చిన్నప్పుడు చూసినవీ, నేను తర్వాత చదివినవీ కలిపి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది.

మేజువాణి అంటే నలుగురు కూడిన చోట జరిగే ఏదో ఒక డ్యాన్సు అనుకుంటారు చాలామంది. కాదు. దానికి ఒక వరస ఉంది. పెళ్ళికో, ఒడుగుకో, జమీందారుగారి ఇంట్లో శుభకార్యానికో మేళాన్ని పిలుస్తారు. మేళం అంటే ఒక మనిషి కాదు. ఇద్దరో నలుగురో ఆడేవాళ్ళు, వెనక పాట అందుకునే పెద్దావిడ, మద్దెల, తాళాలు, శ్రుతి. ముందు రోజుల్లో ముఖవీణ ఉండేది, తర్వాత ఫిడేలు, క్లారినెట్, హార్మోనియం చేరాయి. వాయించేవాళ్ళు కూర్చోరు. ఆడే మనిషి ముందుకి నడిస్తే వాళ్ళూ వెనకాలే నడుస్తారు. మద్దెలని నడుముకి కట్టుకుని వాయించడం అందుకే.

ముందు సలాం దరువు. ఇంటి యజమానికి, సభకి వందనం. తర్వాత స్వరజతి, వర్ణం. అక్కడిదాకా కాళ్ళ పని. అసలు మేజువాణి ఆ తర్వాతే మొదలయ్యేదని మా తాతగారి మాట. ఆడిన మనిషి చాప మీద కూర్చుని క్షేత్రయ్య పదం, అంటే నిదానంగా సాగే శృంగార గీతం, ఎత్తుకునేది. కూర్చునే అభినయం. ఒకే పల్లవి, ఒకే పాదం. ఈసారి కోపంగా, మళ్ళీ వెటకారంగా, మళ్ళీ ఏడుపు దిగమింగుకుంటూ. భాష తెలిసిన ముసలివాళ్ళు ముందుకి జరిగి కూర్చునేవారట. కుర్రకారు జావళీల కోసం, అంటే హుషారైన శృంగార పాటల కోసం, కాచుక్కూర్చునేవారు. పెద్దవాళ్ళకి పదం, కుర్రాళ్ళకి జావళి.

మండపేట, మురమండ, బల్లిపాడు, పెద్దాపురం, ఈ వైపు ఊళ్ళలో పేరున్న మేళాలుండేవి. దవేశ్ సోనేజి అనే పరిశోధకుడు ఈ ఊళ్ళు తిరిగి, మిగిలి ఉన్న పెద్దావిడల దగ్గర కూర్చుని విని రాసిన పుస్తకం 2012లో వచ్చింది. మేజువాణి అన్న మాటని బయటి ప్రపంచానికి చేర్చినవాటిలో అది ముఖ్యం.

గజ్జెలపెట్టె

లంకగ్రామం గారూ, బాగా రాశారు. మా అమ్మమ్మా వాళ్ళు కలావంతులు, ఈ మేళాల్లో ఆడినవాళ్ళే. ఒక్క విన్నపం. ఈ చర్చలో ఎవరూ భోగం అన్న మాట వాడొద్దు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనేవారు కాదు, మాకు కలావంతులు అన్నదే పేరు.

ఇంకో సంగతి. పులిహోర గారు వాళ్ళింట్లో ఆడవాళ్ళ ముందు మేజువాణి అనేవారు కాదన్నారు. మా ఇంట్లో ఆడవాళ్ళే ఆ మాట అనేవారు, తల ఎత్తుకుని అనేవారు. దేవుడి ముందు చేస్తే గుడిసేవ. వీధిలో పందిరేసి రాత్రంతా భామాకలాపమో గొల్లకలాపమో ఆడితే అది కలాపం. దొరల లోగిళ్ళలో, పెళ్ళిళ్ళలో చేస్తే మేజువాణి. మూడూ వేరు. మూడింటికీ వేరు పాటలు, వేరు నడక. గుళ్ళో జావళి పాడరు, మేజువాణిలో కుంభహారతి ఎత్తరు. "మేజువాణి చెయ్యాలంటే పదం రావాలి, పదం రావాలంటే మాట తెలియాలి" అనేది అమ్మమ్మ. తెలుగూ సంస్కృతమూ చదువుకున్న మనిషి ఆవిడ. ఆ రోజుల్లో మీ ఇళ్ళల్లో ఆడపిల్లల్ని బడికి పంపేవారా అని మాత్రం అడగను.

నల్లకళ్ళద్దాలు

ఎన్ని చెప్పినా డబ్బున్నోళ్ళ ముందు డబ్బుకోసం ఆడిన ఆటే కదా. దానికి ఋగ్వేదం దాకా ఎందుకు? [ఒక వాక్యం తొలగించబడింది: నిర్వాహకుడు]

నిర్వాహకుడు

మాట గురించి, చరిత్ర గురించి ఏ అభిప్రాయమైనా రాయండి. ఎవరి పుట్టుక గురించీ రాయొద్దు. ఇంకోసారి అయితే ఖాతా ఆపేస్తాం.

చాటుపద్యం

కళ్ళద్దాల వారూ, చిన్నప్పుడు వేమన పద్యాలు అప్పజెప్పారా? "విశ్వదాభిరామ వినురవేమ" ఏ ఛందస్సు? ఆటవెలది. ఆటవెలది అంటే ఎవరో నిఘంటువు తీసి చూడండి. ఆడే ఆడమనిషి, నాట్యకత్తె. ఊరూరా పిల్లల చేత వల్లె వేయిస్తున్న పద్యానికి ఆవిడ పేరే పెట్టుకున్నాం, ఇన్ని వందల ఏళ్ళలో ఎవరికీ అభ్యంతరం రాలేదు.

డబ్బు సంగతంటారా, క్రికెట్ ఆడేవాళ్ళు ఊరికే ఆడుతున్నారా?

తాలూకా గుమాస్తా

మాటకి మచ్చ ఎప్పుడు పడిందో చూద్దాం. కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టిన నాటి నుంచీ పెద్ద ఉద్యోగుల ఇళ్ళలో ఈ మేళాల మీద రాస్తూ వచ్చారు. 1893లో మద్రాసులోని హిందూ సంఘ సంస్కరణ సభ వారు వైస్రాయికీ, గవర్నరుకీ అర్జీ పెట్టుకున్నారు, మీరు ఇలాంటి విందులకి వెళ్ళకండి, మీరు వెళ్ళకపోతే మావాళ్ళూ మానేస్తారు అని. దొరలిద్దరూ మాకు ఇందులో తప్పేమీ కనపడలేదు అన్నట్టు జవాబిచ్చి ఊరుకున్నారు. గమనించండి, అర్జీ పెట్టింది ఆడేవాళ్ళ మీద కాదు, అతిథుల రాకపోకల మీద. మేజ్‌బాన్, మెహమాన్ లెక్కే ఇది.

గురజాడ వారి కన్యాశుల్కం తొలిసారి ఆడింది 1892లో, ఇప్పుడు మనం చదివే రెండో కూర్పు 1909లో వచ్చింది. మధురవాణి, సౌజన్యారావు పంతులు ఎదురెదురు కూర్చునే రంగం అందరికీ తెలిసిందే. ఆయన యాంటీ నాచ్, అంటే ఈ ఆటలు వద్దనేవాడు. ఆ 'నాచ్' హిందీ నాచే, నృత్యం నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. ఇంగ్లీషువాడు దాన్ని పట్టుకుపోయి, ఇంగ్లీషు చేసి, మళ్ళీ మనకే ఇచ్చాడు. మన మేజువాణిని తిట్టడానికి కూడా వాడి మాటే కావలసి వచ్చింది.

1947 మద్రాసు దేవదాసీ చట్టం ముఖ్యంగా గుళ్ళ గురించి. ఆడపిల్లల్ని దేవుడికి అంకితం చెయ్యడం, గుడి ఆవరణలో, ఊరేగింపుల్లో ఆడవాళ్ళ నాట్యం నేరమయ్యాయి. జమీందారుల లోగిళ్ళు, పెళ్ళి పందిళ్ళు అందులో లేవు. అందుకే ఆంధ్రలో 1956లో సవరణ తెచ్చి పెళ్ళిళ్ళనీ వేడుకలనీ కూడా చేర్చారు. ఆ సవరణ ఎవర్ని గురిపెట్టిందో వేరే చెప్పక్కర్లేదు. మేజువాణినే. జమీందారీలు రద్దయి పిలిచే మేజ్‌బాన్ అప్పటికే చితికిపోయాడు, మిగిలిన పెళ్ళిపందిరి కూడా పోయింది.

గజ్జెలపెట్టె

ఆ చట్టం కావాలని కొట్లాడినవాళ్ళలో మా వాళ్ళూ ఉన్నారని చేర్చండి గుమాస్తా గారూ. యామినీ పూర్ణతిలకం గారు కలావంతుల ఇంటి మనిషే. అంకితం మానాలని ఊరూరా తిరిగి చెప్పింది ఆవిడ. మా ఇంట్లోనే అక్క ఒక వైపు, చెల్లి ఒక వైపు. అమ్మమ్మ చెల్లెలు గజ్జెలు నూతిలో వేసి టీచరు ట్రెయినింగుకి వెళ్ళిపోయింది. అమ్మమ్మ పెట్టెలో దాచుకుంది. ఇద్దరి మీదా నాకు కోపం లేదు.

న్యూజెర్సీ నట్టువాంగం

నేను ఇక్కడ కూచిపూడి, భరతనాట్యం నేర్పుతాను. సలాం దరువు మాట వచ్చింది కాబట్టి. భరతనాట్యంలో శబ్దం అని ఒక అంశం ఉంది. పాత శబ్దాల సాహిత్యం చాలావరకు తెలుగు. రాజుగారినో దేవుడినో పొగిడి, చివర "సలామురే" అని ముగుస్తుంది. తర్వాతి కాలంలో చాలాచోట్ల ఆ సలాముని "నమోస్తుతే" చేశారు. మా గురువుగారు నమోస్తుతే అనే నేర్పారు. నేను ఇప్పుడు పెద్ద పిల్లలకి రెండూ చెబుతాను. పిల్లలకి సలామురేయే ఇష్టం, తాళంలో చక్కగా కూర్చుంటుంది. నిజానికి చెయ్యి నుదుటికెత్తే ఆ హస్తం సలాముకే సరిపోతుంది. నమోస్తుతే అంటూ సలాం కొడితే చూసేవాళ్ళకి ఏదో తేడాగా ఉంటుంది.

వచ్చే ఏడు పదాలు, జావళీలతో కూర్చుని చేసే అభినయ కార్యక్రమం పెట్టాలని ఉంది. దానికి మేజువాణి అని పేరు పెడితే ఎలా ఉంటుంది? కమిటీలో ఇద్దరు వద్దే వద్దంటున్నారు.

సదరు

పేరు పెట్టే ముందు పేర్ల కథ వినండి. భరతనాట్యం అన్న పేరు 1930లలో స్థిరపడకముందు ఆ ఆటని సదిర్ అనేవారు. సదిర్ అరబ్బీ 'సద్ర్' నుంచి. ముందుభాగం, అగ్రస్థానం, దాన్నుంచి పెద్దలు కొలువుదీరే చావడి. మన కోర్టు కాగితాల్లో "సదరు ముద్దాయి" అంటారే, పైన ముందుగా చెప్పిన అని, ఆ సదరు కూడా ఇదే. నా ఖాతా పేరూ అదేననుకోండి.

కచేరీ చూడండి. కలెక్టరు కచేరీ, తాసీల్దారు కచేరీ అంటే ఆఫీసు. సంగీత కచేరీ అంటే పాట. కొలువుదీరిన చోటు పేరు అక్కడ పాడిన పాటకి వచ్చింది. మేజువాణి కూడా అదే దారి. సదిర్, కచేరీ, మేజువాణి, ఈ మూడింటిలో ఒక్కదానిలోనైనా కాలు కదిపిన జాడ ఉందా? చెయ్యి తిప్పిన జాడ ఉందా? మూడూ పిలిచినవాడి వైపు నుంచి పెట్టిన పేర్లు. అతని చావడి, అతని కొలువు, అతని విందు. ఆడిన మనిషి పేరులో లేదు. 

తర్వాత వచ్చిన పేర్లకి ఈ చిక్కు లేదు, వేరే చిక్కుంది. నటరాజ రామకృష్ణ గారు ఈ కలావంతులనే కూడగట్టి, వాళ్ళ దగ్గర నేర్చుకుని ఆంధ్రనాట్యం అన్నారు. అందులో పేరు దేశానిది. 1990లలో స్వప్నసుందరి గారు సరిదె మాణిక్యమ్మ గారి దగ్గర నేర్చుకున్నదాన్ని విలాసినీ నాట్యం అన్నారు. భరతనాట్యంలో ముని ఉన్నాడు. శాస్త్రమూ, దేశమూ వచ్చాయి గానీ పెళ్ళిపందిరి, జావళి వినే కుర్రకారు, చదివింపులు అన్నీ పేర్లోంచి తప్పుకున్నాయి. అందుచేత నట్టువాంగం గారూ, కూర్చుని పదం చేసేదానికి మేజువాణి కంటే ఖచ్చితమైన పేరు నాకు తోచడం లేదు. ఆంధ్రనాట్యం అంటే గుడీ వస్తుంది, కొలువూ వస్తుంది, కలాపమూ వస్తుంది. మేజువాణి అంటే అదొక్కటే.

మూసీ ఒడ్డు

సదరు అన్న చెప్పింది ఇంటే నాకొకటి యాదికొచ్చింది. మా తీన్మార్ సూడు. తీన్ అంటె మూడు, మార్ అంటె దెబ్బ. దర్వు మీద పెట్టిన పేరు. హైదరాబాద్ మర్ఫా బ్యాండు కాడికెళ్ళి వచ్చింది. ఏసీ గార్డ్స్‌ల ఉండె ఆఫ్రికా సిపాయిల పిల్లలు, బార్కస్‌ల ఉండె యెమెన్ అరబ్బుల పిల్లలు, వాళ్ళ ఆట అది. ఏసీ గార్డ్స్ అంటేనే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఇప్పుడు బోనాలకు, గణేశ్ నిమజ్జనానికి, బరాత్‌కు తీన్మార్ లేకుంట నడుస్తదా? టీవీల వార్తలకు సుత తీన్మార్ అని పేరు పెట్టుకున్నరు. 

గీ పేరుల పిల్సినోడు లేడు, దొర లేడు. కొట్టెటోడు, ఆడెటోడు, గంతే. గందుకే దానికి మచ్చ పడలేదనిపిస్తది.

చాటుపద్యం

రికార్డింగ్ డ్యాన్స్ అన్నదాన్నీ ఈ లెక్కలో వెయ్యండి. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేల పక్కన స్టేజీ. గ్రామఫోను రికార్డు పెట్టి ఆడేవారు కాబట్టి ఆ పేరు. రికార్డు పోయి క్యాసెట్టు వచ్చింది, క్యాసెట్టు పోయి ఫోన్లో పాట పెడుతున్నారు. పేరు మాత్రం రికార్డింగ్ డ్యాన్సే. ఇందులో పేరు యంత్రానిది.

వార్తల డెస్కు

ఇప్పటి వాడుక గురించి నాకు తెలిసింది. జిల్లా డెస్కులో పనిచేశాను. ఎక్కడో ఫాంహౌసు పార్టీ మీద పోలీసులు పడ్డారనుకోండి, కాపీలో 'అశ్లీల నృత్యాలు' అని వస్తుంది. దాన్ని 'మేజువాణీలు' అని దిద్దే సీనియర్లు ఉండేవారు. హెడ్డింగులో అక్షరాలు తక్కువ పడతాయి, కొంచెం సాహిత్యం తెలిసినట్టూ ఉంటుంది. చదివేవాడు మాత్రం రెండింటినీ ఒకటిగానే చదువుతాడు. మాట మీద పడ్డ మచ్చలో కొంత మా చేతి చలువే.

రాజకీయాల్లో ఇంకోలా వాడతారు. జనం డబ్బుతో పెద్ద సభ పెట్టి హంగామా చేస్తే ఎదుటి పార్టీవాడు "ఈ మేజువాణీలు ఎవడి సొమ్ముతో" అంటాడు. అక్కడ ఆట ఉండదు, అమ్మాయి ఉండదు. ఖర్చు, ఆర్భాటం, పిలిచినవాడి దర్జా ఉంటాయి. పారసీ అర్థానికి అదే దగ్గర అనిపిస్తుంది నాకు.

కాకినాడ కాజా

మేజువాణి పెళ్ళిళ్ళలో ఉండకూడదని చట్టమే తెచ్చుకున్నారు కదా. మొన్న మా బాబాయి కూతురి పెళ్ళికి సంగీత్ పెట్టారు. హైదరాబాదు నుంచి డ్యాన్సు నేర్పే కుర్రాణ్ణి పిలిపించి, నెల ముందు నుంచీ అత్తయ్యలకీ పిన్నులకీ స్టెప్పులు. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, ఆఖరికి మా పెదనాన్నగారు. మోకాలి చిప్ప అరిగిందని డాక్టరు చెప్పిన మనిషి! ఆటలు పెళ్ళిపందిట్లోకి తిరిగొచ్చేశాయి కదండీ.

గజ్జెలపెట్టె

కాజా గారూ, తేడా ఉందండి. మేజువాణిలో ఇంటివాళ్ళు ఆడరు. ఇంటి ఆడవాళ్ళయితే చాలాచోట్ల చూడ్డానికే రారు, వస్తే చాటు నుంచి. ఆట వేరే ఇంటి ఆడవాళ్ళ పని, చూడ్డం ఈ ఇంటి మగవాళ్ళ పని. సంగీత్‌లో ఇంటివాళ్ళే ఆడతారు, ఇంటివాళ్ళే చూస్తారు. మీ పెదనాన్నగారి స్టెప్పు బాగా రాకపోయినా ఎవరూ ఏమీ అనరు. మా అమ్మమ్మకి తాళం తప్పితే మర్నాటి నుంచి పిలుపులుండేవి కాదు. అది విద్య, అన్నం పెట్టే విద్య. 

నట్టువాంగం గారికి నా జవాబు: పెట్టండి. కానీ ఆహ్వానపత్రికలో పదాలు ఎవరివో రాసేచోట, ఎవరి దగ్గర నుంచి వచ్చాయో కూడా రాయండి. క్షేత్రయ్య పేరు అందరూ రాస్తారు. ఆ పదాల్ని మూడొందల ఏళ్ళు నోట్లో పెట్టుకుని మోసినవాళ్ళ పేరు ఎవరూ రాయరు.

న్యూజెర్సీ నట్టువాంగం

రాస్తానండి. మీకు ఇబ్బంది లేకపోతే మెసేజ్ పెడతాను. అమ్మమ్మగారు పాడిన పదాల్లో మీకు గుర్తున్నవి ఏమైనా ఉంటే నేర్చుకోవాలని ఉంది. కమిటీకి సదరు గారి పోస్టు చూపించాను. ఒకరు మెత్తబడ్డారు. రెండో ఆయన "పిల్లల తల్లిదండ్రులు గూగుల్‌లో వెతికితే ఏమొస్తుందో చూశారా" అంటున్నారు. చూశాను. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు.

పుణేలో పులిహోర

మరాఠీ పేపర్లో ఇవాళే కనపడింది, ఇక్కడ పెడుతున్నాను. శాస్త్రీయ సంగీత కార్యక్రమం వార్తకి హెడ్డింగు "స్వరాంచీ మేజవానీ". స్వరాల విందు అని. మీ రెండో కమిటీ ఆయనకి ఇది చూపించండి నట్టువాంగం గారూ. పక్క రాష్ట్రంలో ఇది ఇంటిల్లిపాదీ చదివే మాట.

అచ్చుతప్పు

ఇంతకీ రాయడం ఎలా? మేజువాణి, మేజువాణీ, మేజవానీ, మూడూ ఈ చర్చలోనే కనపడ్డాయి. పోస్టరు మీదకి ఏది?

పదకోశం

మరాఠీది న, మనది ణ. ఏకవచనానికి మేజువాణి, బహువచనానికి మేజువాణీలు అని రాయడం వాడుక. పోస్టరు మీద మేజువాణి అని హ్రస్వంతో వెయ్యండి. మేజు పక్కన ఖాళీ వదలకండి, వదిలితే చూసినవాళ్ళు మళ్ళీ బల్ల ఎక్కుతారు.